వంతెన నడుమ తీసిన బిరడా

2023లో, వరికోతల కాలంలో, జపాన్‌లోని ఒక కొండపల్లెలో పాత రాతి వంతెన ముందు నిలబడ్డాను. అది కాలువను లోయ దాటించే వంతెన. దేవరకొండ వైపు పైపులైన్లకు లెవెల్ చూడటం నా పని. అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత వాలు ఉందో కొలిచి, నీళ్లు చేరతాయో లేదో చెప్పడం. ఎక్కడా చదివింది కాదు, మేస్త్రీల వెంట తిరుగుతూ పట్టుబడిన లెక్క. రైతుసంఘాలకు నీటి పనులు చూపించే యాత్రలో మా ఊరి సంఘం అధ్యక్షురాలు లింగమ్మతోపాటు నన్నూ తీసుకెళ్లారు.

మా ఊళ్లో పైపు వాగులోకి దిగి, అవతలి గట్టెక్కి మెట్ట చెలకలకు పోతుంది. దీన్ని ఇన్వర్టెడ్ సైఫన్ అంటారు. మొదటి కొస రెండోదానికన్నా ఎత్తుగా ఉంటే, నడుమ ఎంత కిందికి దిగినా నీళ్లు రెండో కొసన పైకి లేస్తాయి. ఎన్నిసార్లు కొలిచినా మా మొదటి కొస మూడడుగులు ఎత్తే. లెక్క సరిగ్గానే ఉంది, నీళ్లే ఏటేటా తగ్గుతున్నాయి. చిట్టచివరి చెలక లింగమ్మది. కిందటి యాసంగిలో ఆమె పల్లిచేను పూత మీదనే ఎండింది. ఈసారీ నీళ్లు రాకపోతే చెలకను బీడుగా పడావు పెట్టి హైదరాబాదుకు కూలికి పోతానని ఇంట్లో చెప్పి వచ్చింది.

ఆ వంతెనదీ మా పైపు పద్ధతే. కొండ కాలువ రాతి గొట్టాల్లో కిందికి దిగి, వంతెన దాటి, అవతలి పొలాలకు ఎక్కుతోంది. రెండు కాలువల ఎత్తునూ కంటితోనే అంచనా వేస్తున్నాను. ఇంతలో ఇద్దరు మనుషులు వంతెన నడుమకు పోయి సుత్తితో ఒక చెక్క బిరడా ఊడగొట్టారు. నీళ్లు వంతెన పొట్టలోంచి ఎగదన్ని కింద ఏట్లో పడ్డాయి. చూడవచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

లింగమ్మ కొట్టలేదు. "ఓ యాదగిరన్నా, గీళ్లకు నీళ్లు ఎక్కువైనయా ఏంది? గిట్ల పారబోస్తున్రు!"

"తమాషకేమో చెల్లె."

"తమాషకు ఎవడన్న పంట నీళ్లు ఇడుస్తడా? జర అడుగరాదు."

దుభాషి అమ్మాయిని అడిగాను. గొట్టం అడుగున పేరుకున్న బురద, ఇసుక ఆ రంధ్రంలోంచి కొట్టుకుపోవాలట. లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. కట్టిననాడే పెట్టిన ఏర్పాటు అది.

లింగమ్మ అక్కడే గట్టు మీద కూలబడింది. "అన్నా, మన పైపుకు గూడ వాగుల గిసుంటి వాల్వు ఉండె. నువ్వు ఈ పనికి రాకముందు ముచ్చట. మల్లయ్య దాన్ని తిప్పి గొర్లకు నీళ్లు తాపుతున్నడని కొట్లాటయి, నేనే వెల్డింగు పెట్టించిన."

అలాంటి వాల్వును వాష్‌అవుట్ అంటారు. "అయితే మల్లయ్య తిప్పినప్పుడల్లా మన పైపు కడిగినట్టే గదా," అన్నాను.

"నవ్వకు. గిప్పుడు ఆయన ముందర నేనెట్ల నిలవడాలె?"

నిలబడింది. ఊరికి రాగానే నన్ను వెంటబెట్టుకుని మల్లయ్య మంద దగ్గరికి నడిచి, సంగతంతా చెప్పింది. అతను కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"నన్ను దొంగ అంటివి. జపాన్ దాక పోయి నా పనే నేర్చుకొని వచ్చినవా అక్కా?"

"నేర్చుకున్న తియ్. అమాస నాడు అరకలు గట్టం, చేన్లకు నీళ్లు పెట్టం గదా, ఆ దినం నువ్వే తిప్పు, నీ గొర్లను తాపుకో. తక్కిన దినాలు చెయ్యి పెట్టినవనుకో, నీ మందను జపాన్ తోలిస్త."

వాగు పారకం తగ్గగానే వెల్డింగు కోయించాం. వాల్వు తిప్పితే కాసేపు ఏమీ రాలేదు. తర్వాత నల్లటి బురద ముద్దలు ముద్దలుగా వచ్చింది, దాని వెనక ఇసుక, ఆ వెనక నీళ్లు. ఆ యాసంగి లింగమ్మ పల్లిచేను పూత నిలిచి, కాయకు ఊడలు దిగింది.

ఇప్పుడు ఏ ఊళ్లో నీళ్లు చేరడం లేదని పిలిచినా, లెవెల్ చూసే నీళ్ల గొట్టం సంచిలోంచి తీయకముందే అడుగుతున్నాను: "ఇక్కడ ఎవరితో కొట్లాడి ఏం మూసేసిన్రు?" ముందు నవ్వుతారు. తర్వాత ఎవరో ఒకరు లేచి, చూపిస్తా రమ్మని నడుస్తారు.