మా అమ్మ పేరు లేని లిస్టు

నా ప్రోగ్రాంలో తప్పుందని ఎవరైనా అంటే ముందు వాళ్ళ కంప్యూటర్ చూసుకోమంటాను. ఇరవై ఏళ్ళుగా ఇదే నా ఉద్యోగం, ఇదే నా పొగరు. ఆ పొగరు దిగింది ఆఫీసులో కాదు, టూంగాబీ అనే శివారు పేటలో మా ఇంటి వంటగదిలో, మా అమ్మ జంతికలు వత్తుతుండగా.

మా వైపు తెలుగు పెద్దవాళ్ళకి ఒక క్లబ్బు ఉంది. ప్రతి బుధవారం పొద్దున కమ్యూనిటీ హాల్లో చేరతారు. కాసేపు యోగా, కాసేపు భజన, మిగతా టైమంతా కోడళ్ళ మీద కబుర్లు. దానికి ప్రెసిడెంటు కరీంనగర్ వైపు హెడ్మాస్టరు చేసి రిటైరైన అంకుల్. ఆయన ఆ ఏడు జూలై సెలవుల్లో, ఇక్కడ చలికాలం అప్పుడే కాబట్టి, అందర్నీ కాన్‌బెర్రా అవతలి స్నోయీ మౌంటెన్స్‌కి తీసుకెళ్ళి మంచు చూపించాలని పట్టుబట్టారు. మూడు రోజుల ప్రయాణం. పెద్దవాళ్ళని ఆస్పత్రులకీ షాపులకీ తిప్పే ఒక సంస్థ బస్సు ఇస్తానంది.

మా అమ్మ మొదటి రోజే పేరిచ్చింది. గుంటూరు ఎండల్లో అరవై ఏళ్ళు గడిపిన మనిషి, మంచుని ఫ్రిజ్ గోడల మీద తప్ప చూడలేదు. ఊలు టోపీ, చేతి తొడుగులు కొనుక్కొచ్చి అద్దం ముందు పెట్టుకుని చూసుకుంది. "ఉత్త చేత్తో ముట్టుకుంటే ఏమవుతుందే?" అని మా పెద్దదాన్ని అడిగింది. "ఇట్స్ జస్ట్ ఐస్, అమ్మమ్మా," అంది అది ట్యాబ్‌లోంచి తలెత్తకుండా. అమ్మ ఏమీ అనుకోలేదు. మర్నాడు ఇంకోలా అడిగింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, క్లబ్బు వివరాలు ఒక డేటాబేసులో ఉన్నాయి: ఫోను, తిండి, పుట్టినరోజు. బస్సు సంస్థ వివరాలు ఇంకోదాంట్లో: ఎవరికి షుగరు, ఎవరికి మోకాళ్ళ నొప్పి, ఎవరికి చేతికర్ర. "చదువుకోండి, కాపీ మాత్రం చేసుకోవద్దు," అన్నారు బస్సువాళ్ళు. జబ్బుల సంగతి కదా, న్యాయమే. రెండిట్నీ చూసి ప్రయాణానికి లిస్టు తయారుచేసే వెబ్‌సైట్ ఒకటి కావాలని అంకుల్ అడిగితే, "ఒక్క వీకెండ్ పని అంకుల్," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

వెబ్‌సైట్ మామూలుగా ఒకే డేటాబేసుతో కాపురం చేస్తుంది. రెండోది తగిలించడం కష్టమేమీ కాదు, దాని అడ్రసూ పాస్‌వర్డూ రాస్తే చాలు. కానీ ఆ తర్వాత ప్రతి ప్రశ్నా ఏ ఇంట్లో అడగాలో విడమర్చి చెప్పాలి. చెప్పకపోతే అలవాటు చొప్పున మొదటి ఇంటికే పోతుంది. నేను శనివారమంతా షుగరు ఎవరికుందని క్లబ్బు డేటాబేసునే అడిగాను. అలాంటిదేదీ మా ఇంట్లో లేదంటుంది అది. ఆదివారానికి ఎవర్ని ఏమడగాలో దానికీ నాకూ అర్థమైంది.

అసలు పని అప్పుడు మొదలైంది. ఇక్కడున్న మనిషీ అక్కడున్న మనిషీ ఒకరేనని ఎలా తెలియాలి? రెండు చోట్లా కలిసే నంబరు లేదు. ఫోను చూద్దామంటే ఒకచోట కొడుకుది ఇచ్చారు, ఇంకోచోట కూతురిది. ఇంటిపేరూ పుట్టినతేదీ రెండూ కలిస్తే ఒకే మనిషి అని రాసేశాను. పుట్టినతేదీ ఎవరిదీ మారదు కదా.

పేరిచ్చినవాళ్ళు ఇరవై నలుగురు. పదిహేనుమందికి జోడీ దొరికింది, తొమ్మిదిమంది బస్సు డేటాబేసులో లేరంది ప్రోగ్రాం. ఆ తొమ్మిదిమందీ ఎవరని చూశానా? చూడలేదు. అంకెలు చూస్తాం గానీ పేర్లు చూడం, మా పనిలో అదొక జబ్బు. అంకుల్‌కి ఫోన్ చేసి, తొమ్మిదిమంది బస్సువాళ్ళ ఫారం నింపలేదని చెప్పాను.

"అందరు నింపిన్రు బిడ్డా. నేనే దగ్గర కూసోని నింపిచ్చిన," అన్నారాయన.

"కంప్యూటర్‌లో లేరంటే లేరు అంకుల్. నింపకపోతే నేనేం చెయ్యను?"

 బుధవారం పెద్దాయన ఆ పదిహేనుమంది లిస్టు ప్రింటు తీసి హాల్లో గోడకి అంటించారు. శుక్రవారం సాయంత్రానికి అదే బస్సువాళ్ళకి పంపాలి. సోమవారం ప్రయాణం.

ఆ బుధవారం ఆర్వో, అదే, ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం, నేను ఇంట్లోంచే పనిచేస్తూ, టీ పెట్టుకుందామని వంటగదిలోకి వచ్చాను. పొయ్యి మీద నూనె కాగుతోంది. అమ్మ గొట్టంలో పిండి కూరుతోంది.

"బస్సులో తినడానికా?" అన్నాను.

"పిల్లలకే. సెలవులు కదా, పొద్దస్తమానం ఏదో ఒకటి అడుగుతారు."

"అదేంటి, సోమవారం నువ్వు వెళ్తున్నావుగా?"

"లిస్టులో నా పేరు లేదుగా," అంది నూనెలోకి ఒక చుట్టు వత్తి. "నువ్వే తీసేశావనుకున్నానే. అల్లుడుగారేమో పెర్త్‌లో ప్రాజెక్టు అన్నారు, నీకేమో ఆఫీసు. పిల్లల్నెవరు చూస్తారు? పోన్లే, మంచు ఎక్కడికి పోతుంది."

దెప్పిపొడుపు కాదది. దెప్పితే నేనూ నాలుగు అని ఊరుకునేదాన్ని. రేపు వానట అన్నట్టుగా చెప్పింది. చేతి తొడుగులు ధర చీటీతో సహా సంచిలో సర్ది, షాపులో తిరిగిచ్చెయ్యడానికి తలుపు దగ్గర పెట్టింది కూడా.

నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు తర్వాత. నా వరసే అంత. "నేనెందుకు తీసేస్తానమ్మా? నన్ను ఏమనుకుంటున్నావు?" అని ఇల్లెగిరిపోయేలా అరిచి ల్యాప్‌టాప్ తెచ్చాను. ఆ కాస్త దూరంలోనే నాకు గుర్తొచ్చింది. కిందటేడు క్లబ్బు కాన్‌బెర్రాకి పూలు చూడ్డానికి వెళ్తుంటే, "ఈ వారం నాకు కుదరదమ్మా, పనుంది," అన్నది నేనే. వెళ్ళొద్దని అనలేదు. ఆవిడే ఆగిపోయింది. రెండో వాడు పుట్టినప్పుడు సాయానికని వచ్చి ఆరేళ్ళు. సొంత కూతురే లిస్టులోంచి తన పేరు తీసెయ్యడం ఆవిడకి వింతగా అనిపించలేదు. ఏడుపు అప్పుడొచ్చింది.

రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూశాను. క్లబ్బులో మా అమ్మ నవంబరులో పుట్టింది. బస్సులో జూలై ఒకటిన.

"జూలై ఒకటి బళ్ళో రాసింది," అంది అమ్మ. "నేను పుట్టింది కార్తీక పౌర్ణమికి, నీకు తెలీదూ? క్లబ్బులో కేకు కోస్తామన్నారు, నిజం తేదీ ఇచ్చాను. బస్సువాళ్ళు పాస్‌పోర్టు చూపించమన్నారు, పాస్‌పోర్టులోది ఇచ్చాను. ఇందులో నా తప్పేముంది?"

తప్పేమీ లేదు. ప్రతి కార్తీక పౌర్ణమికీ ఆవిడకి పాయసం చేసేది నేనే. ఆవిడ వీసా కాగితాల్లో జూలై ఒకటి అని రాసిందీ నేనే. పుట్టినతేదీ ఎవరిదీ మారదని ప్రోగ్రాం రాసిన మహాతల్లినీ నేనే. కన్నతల్లిని గుర్తుపట్టని ప్రోగ్రాం రాసి, పెద్దాయన మీద ఎగిరాను.

మర్నాడు అంకుల్‌ని ఇంటికి పిలిచి క్షమాపణ అడిగితే ఆయన పడీపడీ నవ్వారు. "గా తప్పు మా హెడ్మాస్టర్లదే బిడ్డా. బడిల చేర్చుకోవాల్నంటే ఐదేండ్లు నిండాలె. తల్లిదండ్రులకేమో తారీఖు యాదికుండది. జూన్ ఒకటనో జూలై ఒకటనో మేమే రాసేటోళ్ళం. ఎంతమందిని పుట్టిచ్చిన్నో నేను!"

ఇక తేదీలని నమ్మడం మానేశాను. వేరే పేజీ రాశాను. ఎడమవైపు క్లబ్బు వివరాలు, కుడివైపు బస్సు వివరాలు, మధ్యలో ఒక బటన్: 'ఇద్దరూ ఒకరే'. అది నొక్కాల్సింది ప్రోగ్రాం కాదు, ఆ మనిషిని ఎరిగినవాళ్ళు. అంకుల్ నా పక్కన కుర్చీ వేసుకుని, జంతికలు నములుతూ, ఒక్కొక్కరికీ స్పీకర్లో ఫోన్ కలిపారు. గోదావరి వరదలో పుట్టానని ఒకాయన ఆ వరదంతా చెప్పాడు. "అసలు వయసు మా ఆయనకే చెప్పలేదు, నీకు చెప్తానా?" అని ఒక ఆంటీ ఫోన్ పెట్టేశారు. ఆవిడ సంగతి అంకుల్‌కి తెలుసు కాబట్టి ఆయనే బటన్ నొక్కారు. జోడీ దొరికిన పదిహేనుమందిలోనూ ఒక తిరకాసు బయటపడింది. భార్యాభర్తలిద్దరూ జూలై ఒకటినే పుట్టారట. ఇంటిపేరూ ఒకటే. ఆ భర్తగారి మోకాలి నొప్పి భార్యకి కూడా అంటగట్టింది నా ప్రోగ్రాం.

అమ్మ వంతు వచ్చినప్పుడు ఆవిడనే పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని ఎడమా కుడీ నిదానంగా చదివింది. "ఇద్దరూ నేనేనే," అని తనే నొక్కింది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవై నాలుగు పేర్లూ వెళ్ళాయి. ఈసారి ఒక్కొక్క పేరూ చదివి పంపాను. ఆఫీసులో మూడు రోజులు సెలవు అడిగితే మా మేనేజరు "నో వరీస్" అని ఒక్క ముక్కతో తేల్చేసింది. ఆ ఒక్క ముక్క కోసం నేను కిందటేడు అడిగిన పాపాన పోలేదు.

"మరి నీ ఆఫీసు?" అంది అమ్మ, సంచిలోంచి తొడుగులు తీసి చీటీ కత్తిరించుకుంటూ.

"ఆఫీసు ఎక్కడికి పోతుందమ్మా."

సోమవారం పొద్దున బస్సెక్కించాను. పిల్లలకి ఏం పెట్టాలో, చిన్నాడికి ఏ దుప్పటి కప్పాలో బస్సు మెట్టు మీద నిలబడి కూడా చెప్పింది. కిటికీ పక్క సీటు దొరకగానే ఆ పక్కావిడతో మాటల్లో పడి మాకు చెయ్యి ఊపడం మర్చిపోయింది.

మంగళవారం ఆర్వో కుక్కర్ రబ్బరు కనపడలేదు. వంటగదిలో ఏ వస్తువు ఎక్కడుంటుందో నాకు తెలియదని ఆ రెండు రోజుల్లో పిల్లలకి కూడా అర్థమైపోయింది. అమ్మకి ఫోన్ చేశాను. అవతల ఒకటే గోల, కేకలు, ఎవరో పాట కూడా అందుకున్నారు.

"అమ్మా, కుక్కర్ రబ్బరు ఎక్కడ పెట్టావు?"

"ఇప్పుడు కాదే, మంచులో ఉన్నాం! తర్వాత చేస్తా," అని పెట్టేసింది.

ఆరేళ్ళలో మా అమ్మ నా ఫోన్ పెట్టెయ్యడం అదే మొదటిసారి. ఆ రోజంతా తిరిగి చెయ్యలేదు కూడా. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.