ఇంటాయన లేడు

పదహారేళ్లు పిల్లలకు చదువు చెప్పిన తర్వాత, నాకే చదవడం సరిగ్గా రాదని ఓ దసరాకు తెలిసింది.

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు బంద్, బస్సులు బంద్, మా జీతాలూ బంద్. పంతుళ్లమంతా కోరుట్లలో టెంటు కింద కూర్చుని పొద్దంతా నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని ఇళ్లకు పోయేవాళ్లం. ఒకరోజు అక్కడే మాటొచ్చింది. జీతం లేకపోయినా మన ఇళ్లల్లో బియ్యమున్నాయి, కరెంటు కోతలతో బట్ట నేసే సాంచెలు ఆగిపోయిన సిరిసిల్లలో పండుగెట్లా అని. తలా కొంత వేసుకుని కొన్ని కుటుంబాలకు బట్టలు పెడదామనుకున్నాం. సిరిసిల్లలో ఓ సేవాసంఘం వాళ్లు ఇంటికో చీటీ రాసి పంపారు. నాకూ, మా బడిలో ఉర్దూ చెప్పే, నేను అక్కలా ఆపా అని పిలిచే టీచరుకూ కలిపి ఒక చీటీ వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "బీడీలు చేస్తది. ఇంటాయన లేడు. ఇద్దరు ఆడపిల్లలు, ఎనిమిదేండ్లు, అయిదేండ్లు."

చదవగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా రోగమే అది. ఏడుపు ముందొస్తుంది, ఆలోచన తర్వాతి బస్సుకొస్తుంది.

జగిత్యాలలో బట్టల దుకాణానికి వెళ్లాం. పిల్లల లంగా జాకెట్లు పది నిమిషాల్లో తెమిలాయి. గొడవంతా చీర దగ్గరే. ఆపా చిలకపచ్చ చీర తీసి భుజం మీద వేసుకుంది.

"మంచిగ లేదా చెల్లె?"

"మొగడు పోయిన మనిషికి గంత పచ్చటి చీర పెడుతమా ఆపా?"

"ఎందుకు పెట్టొద్దు? మొగనితోని ఆమె కండ్లు గూడ పోయినయా?"

"నీకు తెల్వది. ఆమె కట్టుకుంటె ఇరుగుపొరుగోల్లు ఊకుంటరా?"

నేను గొంతు పెంచితే ఆపా తగ్గుతుంది. అది ఆమె మంచితనం, నేను నా గెలుపనుకునేదాన్ని. సన్నటి నల్ల అంచున్న బూడిదరంగు చీర ఎంచాను. దుకాణాయన అలవాటుకొద్దీ సంచిలో పసుపు కుంకుమ పొట్లం పడేస్తే, నేనే తీసి గల్లాపెట్టె మీద పెట్టాను. నాకెంత తెలివో అని లోలోపల మురిసిపోయాను కూడా.

మర్నాడు ఆపా స్కూటీ మీద సిరిసిల్లకు బయలుదేరాం. కథలాపూర్ దగ్గర జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తింటేనే బండి పోనిస్తామన్నారు. విస్తరాకులో వేడన్నం, పప్పుచారు తిని, జై తెలంగాణ అని కదిలాం.

వెతుక్కుంటూ పోతే ఆ ఇల్లు ఒకటే గది. ఆమె గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ముప్పై ఏళ్లుండవు. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. అప్పుడు చూశాను, నుదుట బొట్టు, మెడలో పుస్తెలతాడు. సంచి వెనక్కి దాచబోయాను. కానీ అప్పటికే పిల్లలిద్దరూ నా చేతిలోని సంచి అందుకుని లోపల కుమ్మరించారు.

ఆమె చీర తీసింది. మడత విప్పి దులిపింది. సంచిలో చెయ్యిపెట్టి ఇంకేమైనా ఉందేమోనని వెతికింది. ఏమీ లేదు. మెల్లగా మా ముఖాల్లోకి చూసింది.

"మేడం, మీకేమన్న ఖబర్ అచ్చిందా?"

"ఏం ఖబర్ చెల్లె?"

"పిల్లల నాయిన సంగతి. నోటితోని చెప్పలేక గీ చీర తెచ్చిండ్రా?"

భర్త దుబాయిలో ఉన్నాడట. కంపెనీ జీతమియ్యకపోతే అక్కడినుంచి బయటపడి, కాగితాల్లేకుండా చాటుమాటుగా పనులు చేసుకుంటున్నాడట. మూడు నెలలుగా ఫోను లేదు.

టెంటు అదిరేలా అరిచే నేను ఆపా వెనక్కి జరిగాను. ఆపానే చెప్పింది.

"తప్పు మాది బిడ్డా. చీటీల లేడని ఉన్నది. ఇంట్ల లేడని సదువుకోక, మొత్తానికే లేడని సదువుకున్నం. పేరుకే పంతులమ్మలం."

మాది అంది, నన్ను చూపించి ఈమెది అనలేదు. దానికి నేనింకా సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్లల తల్లి గోడకు ఆనుకుని కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"సదువుకున్నోల్లు మీరే లేడంటె, నిజమే అనుకున్న."

"చీర మార్చుకొస్త. నీకు ఏ రంగు గావాలె?" అని అడిగాను. ఆ మాట ఎవరితోనైనా ముందే అడిగించి ఉండాల్సింది.

"రంగుదేమున్నది మేడం. ఆయన ఉన్నడని తెలిస్తె ఏ రంగైనా కడుత."

ఆపా తమ్ముడూ దుబాయిలోనే ఉంటాడు. భర్త పేరు, అతను చివరిసారి ఉన్న గల్లీ పేరు ఆపా రాసుకుంది. నాలుగు రోజులకు తమ్ముడి ఫోనొచ్చింది. అలాంటి మనిషొకడు ఊరవతల ఖర్జూరం తోటలో పనిచేస్తున్నాడని ఎవరో చెప్పారట. శుక్రవారం సెలవు, పోయి చూస్తాను, దొరికినా దొరక్కపోయినా ఫోన్ చేస్తాను, అప్పుడు ఆమెను మీ పక్కనే కూర్చోబెట్టుకొమ్మన్నాడు. నేను మళ్లీ జగిత్యాల పోయి చిలకపచ్చ చీర తెచ్చాను. కుంకుమ పొట్లం నేనే అడిగి వేయించుకున్నాను, భయపడుతూనే.

శుక్రవారం ఆ గదిలో రెండు గంటలు కూర్చున్నాం. ఆమె ఒక్క బీడీ కూడా చుట్టలేదు. ఫోను మోగగానే ఆపా ఆమె చేతికిచ్చింది. ఆమె హలో అనలేదు.

"ఉన్నవా?" అంది.

అవతలి మాట మాకు వినపడలేదు. ఆమె మాత్రం చెంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత మొదలుపెట్టింది తిట్లు.

"ఫోన్ పోతె నోరు గూడ పోయిందా? పక్కోని ఫోన్ల ఒక్కమాట చెప్పరాదా? నువ్వు సచ్చినవని కోరుట్ల పంతులమ్మలు నాకు బూడిదరంగు చీర పెట్టిండ్రు, ఎరుకేనా? ఇంకోపారి గిట్ల చేస్తె గసొంటిదే కట్టుకొని దుబాయికి అస్త."

అవతల అతను పగలబడి నవ్వడం ఈసారి మాకూ వినపడింది.