దిష్టి నీళ్ళు దాటని హంతకుడు

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. సినిమాల మంచిచెడ్డలు చెప్పేంత చదువు నాకు లేదు. అయినా పోయిన ఎండాకాలం మా మనవరాలి పక్కన కూర్చుని ముసుగు హంతకుల సినిమాలు పాతిక దాకా చూశాను. టీవీ ఎలాగూ నడుస్తోంది, ఒక్కరు చూసినా నలుగురు చూసినా కాలే కరెంటు అంతే కదా అని కూర్చున్నాను.

అవి నలభై ఏళ్ళ కిందటి పరదేశపు సినిమాలు. చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్ళు తీసినవి. మనవరాలు వాటిని స్లాషర్లు అంటుంది. అడవిలో ఒక ఇల్లు, అందులో పనీపాటా లేని ఐదారుగురు పిల్లలు, ముసుగేసుకుని గొడ్డలి పట్టుకున్నవాడు ఒకడు. ఒక్కొక్కరినీ నరుక్కుంటూ పోతాడు. అంతే.

నాకు నచ్చింది వాటి పొదుపు. ఒకే ఇల్లు, ఒకే గొడ్డలి. ముసుగు తీయడు కనుక లోపల ఎవరున్నా ఒకటే. పాటల కోసం కొండలెక్కరు. తలుపు కిర్రుమంటే చాలు, చింతపండు గింజ తీస్తున్న నా చేయి ఆగిపోయేది.

నచ్చనివీ ఉన్నాయి. పట్టపగలు తీసి, నీలిరంగు పులిమి, రాత్రి అంటారు. చెట్ల నీడలు మాత్రం నేల మీద పరుచుకునే ఉంటాయి. పరుగెత్తే పిల్ల చదును నేల మీద పడుతుంది, తీరిగ్గా నడిచొచ్చేవాడు ఆమెను అందుకుంటాడు. రక్తం చూస్తే రోజ్‌మిల్క్. ఎవరూ గడియ పెట్టరు.

"గడియ పెట్టుకుంటే సినిమా ఎట్ల నడుస్తది నానమ్మా?" అంది మనవరాలు.

"పెట్టుకున్నంక గూడ వాడు లోపటికొస్తే గప్పుడు భయపడత. అప్పటిదాక అది వాళ్ళ తప్పు."

ఇలా చూసీ చూసీ, తనే ఒక చిన్న స్లాషర్ తీస్తానంది. బొగ్గు గనిలో పనిచేసే మా కొడుకు కచ్చితంగా చెప్పాడు: "ఖమ్మంల కాలేజోళ్ళు చిన్న సినిమాలు ఏరి చూపిస్తరు గద. నీది తీసుకుంటే హైదరాబాద్‌ల ఎడిటింగ్ కోర్సు. తీసుకోకుంటే బీఈడీ కోచింగ్. మళ్ళ ఏడ్వద్దు."

సోమవారంలోగా పంపాలి. ఆదివారం పొద్దు వాలే వేళ ఊరి చివరి జామాయిల్ తోటకు వెళ్ళాం. హంతకుడు పక్కింటి ఆటో డ్రైవర్. సొంత గొడ్డలి ఉందని పెట్టుకున్నాం. చచ్చేది మా కోడలు, అంగన్‌వాడీ టీచర్. ముసుగుకు ఎరువుల సంచి నేనే కత్తిరించాను. రక్తం కొని తెస్తానంటే మనవరాలిని తిట్టాను. ఇంట్లో పసుపు, సున్నం పెట్టుకుని రక్తం కొనడమేమిటి? రెండూ కలిపి బకెట్ నిండా ఎర్రటి నీళ్ళు చేశాను.

కోడలు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తి, చెప్పిన చోట పడింది. ఆమె ముందు రక్తపు మడుగు. హంతకుడు దాన్ని తొక్కుకుంటూ వచ్చి గొడ్డలి ఎత్తాలి. వచ్చాడు. ఆగాడు. లుంగీ పైకి పట్టుకుని, ముళ్ళలోంచి చుట్టు తిరిగి వెళ్ళాడు.

"బాబాయ్, అటు పోతవేంది? తొక్కుకుంట రా!"

"బిడ్డా, ఇవి దిష్టి తీసి పారబోసే నీళ్ళు. తొక్కితే ఆ దిష్టి నాకు తగులుతది. నరుకుమంటే నరుకుత గని గిది నాతోని కాదు."

"ఎవ్వరికీ తియ్యలే! ఉత్త రంగు!"

"పెద్దమ్మ కలిపింది గద. ఆమె చేతి నీళ్ళు ఉత్తగ ఎట్లుంటయి?"

"ఓ మరిదీ, నా దిక్కు చిలకరించకు. ఈ చీరె రేపు సెంటర్‌కు కట్టుకోవాలె," అంది శవం.

మూడుసార్లు తీశారు. మూడుసార్లూ ముళ్ళలోంచే పోయాడు. ఎండ చెట్ల కొసలకెక్కింది. మనవరాలు చతికిలబడి, "ఇగ బీఈడే," అంది.

నాకు ఒళ్ళు మండింది. "గొడ్డలి పట్టినోడివి నీళ్ళకు జడుస్తవా? ఇటు తే సంచి!" అని ముసుగేసుకుని, గొడ్డలి పట్టుకుని నడిచాను. నన్ను చూసి కోడలు ఈసారి నిజంగానే కేక పెట్టింది. మడుగు దగ్గర కాలెత్తాను. నేను కలిపిన నీళ్ళే, ఎవరి చుట్టూ తిప్పనివే. అయినా ఎత్తిన కాలు దిగలేదు.

"ఏంది పెద్దమ్మా, ఆగినవ్?"

"మోకాలు," అన్నాను. అబద్ధం.

మనవరాలు మాత్రం ఫోన్ దించలేదు. "అమ్మా, బకెట్‌ల మిగిలిన నీళ్ళు తీస్కో! నీ చుట్టూ పోసుకో! నానమ్మా, నువ్వు తిరుగు!"

కోడలు మోకాళ్ళ మీద లేచి చుట్టూ ఎర్రని గీత పోసుకుంది. నేను గొడ్డలితో ఆ గీత బయట తిరిగాను. తిరిగి తిరిగి కాళ్ళు లాగి, కూలబడ్డాను. ఆ పిల్ల దాన్నే ముగింపుగా పెట్టుకుంది.

సినిమా తీసుకున్నారు. ఖమ్మంలో వేసిన రోజు నేను ముసుగులో కనిపించగానే హాలంతా నవ్వారు. గీత పూర్తయ్యేసరికి ఎవరూ కదల్లేదు. ఎక్కడినుంచో వచ్చిన పెద్దమనిషి ఒకాయన, హంతకుడు గీత ఎందుకు దాటడని ఇంగ్లీషులో అడిగాడట. మనవరాలు నోరు తెరిచేలోపే, "దిష్టి నీళ్ళు సార్!" అని హాలంతా చెప్పింది.

మా కొడుకు చప్పట్లు కొట్టలేదు. తిరుగు బస్సులో జూలూరుపాడు దాటాక, బిడ్డను కాకుండా నన్ను అడిగాడు: "హైదరాబాద్‌ల ఆడపిల్లల హాస్టళ్ళు ఎట్లుంటయమ్మా?"

నేను హైదరాబాద్ ఎన్నడూ చూడలేదు.

"మంచిగుంటయి," అన్నాను.