తూటా కాదమ్మా, జ్వరం

ఆ ఆర్మీ పోస్టుకి నేను చేరింది ఏప్రిల్లో. తొంభైల చివరి సంవత్సరాలు. అస్సాం దాటాక లారీ, లారీ ఆగిపోయిన చోటు నుంచి సామాను వీపున వేసుకుని ఒక పగలంతా నడక. కొండవాలు మీద వెదురు అడవి. కింద సన్నటి ఏరు. పైన ఇసుక బస్తాలు పేర్చి కట్టిన నాలుగు బంకర్లు, ఒక రేకుల వంటగది. మధ్యాహ్నమయ్యేసరికి మబ్బు దిగి వాన మొదలయ్యేది. ఆరిన బట్ట అక్కడ ఎవరికీ లేదు.

నేను నర్సింగ్ అసిస్టెంటుని. మాది జంగారెడ్డిగూడెం. నా పెట్టె మీద తెలుగులో రాసుకున్న పేరు చూసి రేడియో బంకర్లోంచి ఒకతను పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ, మనవాళ్ళేనా? నాది నరసాపురం!"

రేడియో ఆపరేటర్ సత్తిబాబు. తెలుగు మాట్లాడి ఏడాది అయిందన్నాడు. ఆ సాయంత్రమంతా వాళ్ళ ఊరి గురించే చెప్పాడు. వాళ్ళావిడ వెంకటలక్ష్మి లేసు అల్లుతుందట. వాళ్ళన్నయ్యకి కిరాణా కొట్టు ఉందట. ఆ మాటల మధ్యలో నేను చూసింది అతని చేతుల్ని. పొద్దు వాలుతోంది, చొక్కా మోచేతుల పైకి మడిచి ఉంది.

ఆర్డరు బోర్డు మీదే ఉంది. పొద్దు వాలకముందే చొక్కా చేతులు దించి గుండీలు పెట్టుకోవాలి. దోమల నూనె రాసుకోవాలి. దోమతెర లేకుండా పడుకోకూడదు. ఆదివారం మలేరియా మాత్ర. కానీ చలికాలమంతా ఒక్కరికీ జ్వరం రాలేదు. దాంతో బోర్డు బోర్డులాగే ఉండిపోయింది.

"చేతులు దించండి. ఇక్కడిది మామూలు దోమ కాదు. మా మన్యం వైపు ఈ చలిజ్వరంతో పోయినవాళ్ళని చూశాను," అన్నాను.

"అయ్యో డాక్టరు గారూ! మా కాలవగట్టు మీద పడుకుంటే దోమలే మోసుకెళ్ళి పక్కింట్లో పడుకోబెడతాయండి. వాటికే లొంగలేదు."

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్‌కి చెప్పాను. మంచివాడు, రెండు యుద్ధాలు చూసినవాడు. "ఒక్క కేసు లేదు కదా. కుర్రాళ్ళని విసిగించకు," అన్నాడు.

మే నెలలో సత్తిబాబు తన దోమతెరతో ఏట్లో చేపలు పట్టాడు. వేలెడంత చేపలు. పులుసు తనే పెట్టాడు. సుబేదార్ సాబ్ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తెర ఆ చివర్న, ఈ చివర్న చిరిగింది. దాన్ని ఎవరూ కుట్టలేదు.

జూన్లో ఒక పొద్దున హెడ్‌క్వార్టర్స్‌కి రిపోర్టు ఇస్తూ సత్తిబాబు రెండుసార్లు తడబడ్డాడు. "జలుబండీ," అన్నాడు. నుదురు పట్టుకుంటే చెయ్యి కాలింది. మందు మొదలుపెట్టాను. మర్నాడు వణుకు తగ్గింది. లేచి కూర్చుని టీ అడిగాడు. నేను వేరే బంకర్‌కి వెళ్ళి వచ్చేసరికి రేడియో ముందు కూర్చుని, హ్యాండ్‌సెట్ నొక్కి పట్టుకుని, తెలుగులో మాట్లాడుతున్నాడు.

"రేవు దాటేశాను. బస్సు దొరికింది. అన్నం వండి ఉంచు, వచ్చేస్తున్నాను. ఓవర్."

అవతలి మనిషి హిందీలో "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అంటున్నాడు. సత్తిబాబు మళ్ళీ చెప్పాడు. అదే మాట. హ్యాండ్‌సెట్ వేళ్ళలోంచి విడిపించడానికి నాకు బలం సరిపోలేదు. జ్వరం మెదడుకెక్కిందని అర్థమైంది.

హెలికాప్టర్ అడిగాం. మబ్బు. కుదరదన్నారు. మర్నాడు తెల్లవారగానే స్ట్రెచర్ ఎత్తాం. ముందు కర్ర సుబేదార్ సాబ్ పట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. ఏరు పొంగి ఉంది. నీళ్ళు తగ్గేదాకా గట్టున నిలబడ్డాం. దాటి, బురదలో జారుతూ దిగాం. లారీ రోడ్డు కనిపిస్తోంది. అక్కడ అతని ఊపిరి ఆగింది. నేను ఛాతీ నొక్కుతూనే ఉన్నాను, నా భుజం మీద చెయ్యి పడేదాకా.

సుబేదార్ సాబ్ తన రెయిన్‌కోటు విప్పి అతని మీద కప్పాడు. "రెండు యుద్ధాల్లో నా కింద ఒక్క మనిషి పోలేదు," అన్నాడు. స్ట్రెచర్ కర్ర మళ్ళీ అందుకుంటూ అన్నాడు, "ఇప్పుడు దోమకి ఇచ్చేశాను."

ఆ వానల్లో భౌతికకాయాన్ని ఇంటికి పంపే దారి లేదు. అంత్యక్రియలు అక్కడి బేస్‌లోనే చేశారు.

పోస్టుకి తిరిగొచ్చాక సుబేదార్ సాబ్ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవర్నీ తిట్టలేదు. సాయంత్రం వంటగది ముందు నిలబడి, తన చొక్కా గుండీలు పెట్టిన రెండు చేతులూ వంటవాడికి చూపించి, తర్వాతే టీ మగ్గు పట్టాడు. ఆయన వెనకాల మేం. "చేతులు చూపించు, అప్పుడే టీ," అనేవాడు వంటవాడు. మొదట్లో గొణిగారు. తర్వాత దాని మీద జోకులు వేశారు. ఆగస్టుకల్లా వంటవాడు అడగడం మానేశాడు. అడగక్కర్లేకపోయింది. కొత్తగా వచ్చిన ఆపరేటర్ ఒకరోజు వరుసలోంచి తనంతట తనే వెనక్కి వెళ్ళి, గుండీలు పెట్టుకుని వచ్చాడు. చిరిగిన తెరలన్నీ కుట్టాం. ఆ ఏడు ఆ దారిలో ఇంకో స్ట్రెచర్ దిగలేదు.

ఇంత చిన్న పని. టీకి ముందు రెండు గుండీలు.

అక్కడ నా డ్యూటీ గడువు ముగిశాక నేను ఇంటికి పోకుండా ముందు నరసాపురంలో రైలు దిగాను. అంతకు ముందే వాన కురిసి వెలిసింది. చివరిదాకా పక్కనున్నది నేనేనని చెప్పగానే సత్తిబాబు అన్నయ్య నన్ను గుమ్మంలోనే ఆపి, గొంతు తగ్గించాడు.

"టెలిగ్రాంలో డ్యూటీలో పోయాడని మాత్రమే ఉందండి. తూటా తగిలిందని అందరికీ చెప్పాను. మీరూ అలాగే చెప్పండి."

లోపల గోడకి సత్తిబాబు ఫోటో. తుపాకీతో. దండ. వెంకటలక్ష్మి వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"మీరు పక్కనే ఉన్నారటగా. ఎక్కడ తగిలిందండి?"

అన్నయ్య నా వైపే చూస్తున్నాడు. ఆమె కూడా.

"తూటా కాదమ్మా. జ్వరం. దోమ కుడితే వచ్చే జ్వరం."

అన్నయ్య తల పట్టుకున్నాడు. "దోమ కుట్టి పోయాడని ఎవరితోనైనా చెప్పుకోగలమా అండి?"

"ఆయన పోయాకే మేం జాగ్రత్త నేర్చుకున్నామండి. మేమందరం బతికి వచ్చాం," అన్నాను.

ఆమె ఏడవలేదు. "ఆ దోమలు ఎక్కడ పుడతాయండి?" అంది.

"నిలవ నీళ్ళలోనమ్మా."

కాఫీ ఇచ్చారు. తాగాను. అన్నయ్య రిక్షా పిలవడానికి వెళ్ళాడు. నేను చెప్పులు వేసుకుంటూ పెరటి వైపు చూశాను.

వెంకటలక్ష్మి కొబ్బరి చిప్పలు ఒక్కొక్కటే బోర్లిస్తోంది. తర్వాత బాదం చెట్టు కింద రోలు దగ్గర కూర్చుంది. నేలలో పాతిన రోలు, తిప్పడానికి వీల్లేదు. అందులో నిలిచిన వాననీళ్ళు దోసిలితో తోడి పారబోసింది. అందినంత వరకూ తోడి, చివరికి పైటచెంగుతో అడుగంతా తుడిచింది.