డానియేలు వేసిన జానెడు వైరు

కిషన్‌బాగ్ డానియేలుకు కరెంటంటే భయం లేదు. ముప్పై నాలుగేళ్లుగా దాంతోనే కాపురం చేస్తున్నవాడు కాబట్టి దాని కోపతాపాలన్నీ తనకు తెలుసని ఆయన ధీమా. వైరులో కరెంటు ఉందో లేదో చూడ్డానికి టెస్టరు తీయడు. చేతి వెనుక వైపు అలా ఆనించి, "ఉన్నది" అనేస్తాడు. చూసేవాళ్లకు గుండె జారిపోతుంది, ఆయనకు అదొక సరదా. హుస్సేనీ ఆలంలో, బహదూర్‌పురాలో ఆయన చెయ్యి పడని గల్లీ లేదు. "డానియేలు వైరింగు చేస్తే ఇరవై ఏండ్లు ఫికర్ లేదు" అని జనం అంటుంటే, ఊరుకోండని చెయ్యి ఊపుతూనే చివరిదాకా వినేవాడు. అలాంటి మనిషిని మొన్న మే నెలలో గోడకు తగిలించిన ఓ తెల్ల డబ్బా మూడు చెరువుల నీళ్లు తాగించింది.

ఆ డబ్బా నళిని ఇంటిది. హుస్సేనీ ఆలంలో నాలుగు తరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం వాళ్లది. నళిని మాత్రం శంషాబాద్ అవతల ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. రోజూ రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు. ఆ తిరుగుడు పడలేక కరెంటు కారు కొనుక్కుంది. కొన్న రోజే డానియేలుకు ఫోన్ చేసింది. ఇంట్లో ఫ్యాను కిర్రుమన్నా ఆయన్నే పిలవడం ఆమెకు అలవాటు.

"గీజరుకు పెట్టినట్టే అమ్మా. పదహారు ఆంపియర్ల సాకెట్ ఒకటి పెడత, గుచ్చుడే" అన్నాడు డానియేలు, కారు చుట్టూ ఒకసారి తిరిగి.

"దాంతోటి నిండాలంటే పద్నాలుగు గంటలు పడుతదన్నా. నేను సాయంత్రం ఆరుకొస్త, పొద్దుగాల ఆరున్నరకు పోవాలె. గోడకు పెట్టే ఛార్జింగ్ డబ్బా అయితే ఆరు గంటల్ల అయిపోతది."

పదిహేను రోజులు చదివి మరీ తేల్చుకున్న మనిషితో వాదనేమిటి? లోడు పెంచమని ఆమె అప్పటికే కరెంటాఫీసులో దరఖాస్తు కూడా పెట్టేసింది. డబ్బా బిగించడానికి కంపెనీ వాళ్లే మనిషిని పంపుతారని విన్నప్పుడు మాత్రం డానియేలుకు కాస్త గుచ్చుకుంది. పిలవకపోయినా ఆ రోజు పొద్దున్నే వచ్చి, వరండా మెట్టు మీద పెద్ద మనిషిలా కూర్చున్నాడు.

కంపెనీ పంపిన మనిషి పాతికేళ్ల అమ్మాయి. పేరు అభిజ్ఞ. కాళ్లకు బరువైన బూట్లు, వీపున సంచి. ఈ పిల్ల ఏం చేస్తుందిలే అని డానియేలు మీసం కింద నవ్వుకున్నాడు. ఆమె డబ్బాను గోడకు బిగించే ముందు మీటరు పక్కనున్న పాత బోర్డు మూత విప్పి, లోపలికి టార్చి వేసి, కాసేపు కదలకుండా చూసింది.

"మేడం, ఈ ఇంటికి ఎర్తే లేదు."

ఎర్తు అంటే మరేం లేదు. ఏ యంత్రంలోనైనా కరెంటు దారి తప్పితే, అది మనిషి ఒంట్లోంచి పోకుండా నేలలోకి దించే తోవ. ఆ బోర్డుకు నేల నుంచి రావలసిన మందపాటి వైరు లేదు. దాని బదులు, వాడుకున్న కరెంటు తిరిగి స్తంభానికి పోయే న్యూట్రల్ వైరు నుంచే జానెడు ఆకుపచ్చ వైరు లాగి ఎర్తు స్థానంలో బిగించి ఉంది.

"ఎవరో న్యూట్రల్‌నే ఎర్తు అని కలిపిండ్రు" అంది అభిజ్ఞ. "ఇది ఇట్లనే ఉంచితే నా డబ్బా గూడ మోసపోతది. కానీ స్తంభం కాడ న్యూట్రల్ ఒక్కసారి తెగిందనుకోండి, ఇంట్ల ఫ్రిజ్జు, గీజరు, ఏది ముట్టుకున్నా షాకే."

ఆమె ఆ వైరు ఊడదీసి కింద పడేసింది. తర్వాత డబ్బాను గోడకు బిగించి కరెంటు కలిపింది. ముందువైపు ఎర్ర దీపం వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది.

"ఎర్తు దొరకలేదని చెప్తున్నది. నేను బతిమిలాడినా ఇప్పుడు కరెంటియ్యదు."

డానియేలు మెట్టు దిగి వచ్చాడు. మెయిన్ ఆన్‌లోనే ఉంది. డబ్బాకు కరెంటు అందుతూనే ఉంది. కారుకు గుచ్చే తుపాకీ లాంటి ప్లగ్గు కేబుల్ చివర వేలాడుతోంది. ఆయన ఆగలేక దాని పిన్నుల దగ్గరికి చేతి వెనుక వైపు తీసుకుపోయాడు. అభిజ్ఞ వారించలేదు.

"ముట్టుకోండి అంకుల్. దాంట్ల ఏం లేదు. ఎర్తు ఉందా అని మొదలు చూసుకుంటది. తర్వాత కారును అడుగుతది. అన్నీ కుదిరినంకనే కేబుల్ల కరెంటు ఇడుస్తది."

డానియేలు చెయ్యి ఆనించాడు. చల్లటి లోహం, అంతే. ఆయన ఎరిగిన వైరులో కరెంటు ఎప్పుడూ పొంచి ఉండేది. ఎవరు ముట్టుకున్నారు, పసివాళ్లా పెద్దవాళ్లా అని చూసేది కాదు. ఇదేమో ముందు మనిషి క్షేమం అడిగి, నమ్మకం కుదిరాకే గడప దాటుతుందట. ముప్పై నాలుగేళ్లలో ఇలాంటి మర్యాద ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఇంత చిన్న డబ్బాకు తెలిసిన భయం తనకు తెలియకపోయిందే అనుకున్నాడు.

"గోవింద్‌తో నా పెండ్లికి ముందు మా మామయ్య చేయించిన వైరింగది" అంటోంది నళిని. "పందొమ్మిదేండ్లాయె. ఎవరు చేసిండ్రో ఏమో."

చేసింది డానియేలే. ఆ సంగతి తెలిసిన ఆమె మామగారు రాఘవాచారి కాలం చేసి చాలా ఏళ్లయింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కట్టుకున్న పేరంతా ఇప్పుడు కింద పడున్న ఆ జానెడు వైరు మీద ఉంది. ఆయన దాన్ని తీసి జేబులో వేసుకుని, "ఎర్తు గుంత నేను తవ్వుతనమ్మా. రెండు రోజులియ్యి" అని మాత్రం అన్నాడు.

అప్పట్లో జరిగింది ఇది. బోర్డు ఇంటికి నైరుతి మూలన ఉంది. నైరుతిలో గుంత తవ్వితే ఇంటికి అరిష్టమని రాఘవాచారి ఒప్పుకోలేదు. "ఈశాన్యంల ఎంత లోతన్నా తవ్వుకో నాయనా" అని చెప్పాడు కూడా. ఈశాన్యం నుంచి బోర్డు దాకా వైరు లాగాలంటే ఇరవై గజాలు, గోడ పొడవునా మేకులు, ఒక రోజు పని. ఆ వారంలోనే డానియేలు మరో రెండిళ్ల పని ఒప్పుకుని ఉన్నాడు. పని నేర్పిన ఉస్తాదు దగ్గర చూసిన కిటుకు గుర్తొచ్చింది. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. ఇన్నేళ్లూ ఆ తప్పును వాస్తు మీదికి నెట్టి హాయిగా పడుకున్నాడు.

ఇప్పుడు ఈశాన్యంలోనే గడ్డపార వేశాడు. యాభై ఏడేళ్ల నడుము మొదటి రోజే మొరాయించింది. రెండడుగుల దాకా సున్నం పెళ్లలు, పెంకులు. తర్వాత ఎర్రటి మొరం. పైన బండలు కాలుతున్న ఆ ఎండలో, ఆరడుగుల లోతున మట్టి చల్లగా, తడిగా చేతికి తగిలింది. డానియేలు దాన్ని పిడికిట్లో పట్టుకుని గుంతలోనే నిలబడిపోయాడు. ఎంత కరెంటునైనా చప్పుడు చేయకుండా మింగి, మనిషిని బతికించే నేల ఇన్నేళ్లూ ఇక్కడే, ఇంత దగ్గరలో ఉంది. ఆయన కళ్లు చెమర్చాయి. చెమట అనుకుని తుడుచుకున్నాడు.

రాగి పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, గోడ పొడవునా వైరు లాగాడు. అభిజ్ఞ మళ్లీ వచ్చి, నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే మీటరు పెడితే పద్నాలుగు ఓములు చూపించింది. అయిదుకు దిగాలట. బిందెల కొద్దీ నీళ్లు పోశారు. ఆ గుంత ఎన్ని పోసినా తాగింది. గంట గడిచాక తొమ్మిది. సాయంత్రానికి నాలుగు. అంకె దిగుతున్న కొద్దీ డానియేలు ఊపిరి బిగబట్టి చూశాడు.

నళిని ప్లగ్గు కారుకు గుచ్చింది. డబ్బా రెండు క్షణాలు ఆలోచించింది. లోపల టక్‌మని చప్పుడైంది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"ఒప్పుకున్నది" అంది అభిజ్ఞ సామాను సర్దుకుంటూ.

ఆమె వెళ్లిపోయాక కూడా డానియేలు కదలలేదు. ఏ తప్పూ చేయని ఆ డబ్బాయే నిజం తేలేదాకా ఒక్క అడుగు ముందుకు వేయలేదు. దాని ముందు నిలబడి అబద్ధం మోయడం ఇక ఆయన వల్ల కాలేదు.

"నళినమ్మా, ఆ వైరు కలిపింది నేనే."

నళిని మెట్టు మీద కూర్చుంది. "నా బిడ్డ తన్మయికి పుట్టిన కాడికెంచి ఆ గీజరు నీళ్లే గదన్నా పోసిన" అంది. తర్వాత, "ఇట్ల ఇంకెన్ని ఇండ్లల్ల కలిపినవ్?" అని అడిగింది.

"నలభై దాక ఉంటయ్."

"మరి మొదలు ఎవరింటికి పోతవ్?"

డానియేలుకు తన ఇంటి బోర్డు గుర్తొచ్చింది. సైకిలెక్కి తిన్నగా కిషన్‌బాగ్ దారి పట్టాడు. దారి పొడవునా తలెత్తి స్తంభాలు చూస్తూనే ఉన్నాడు. ఎండకు, వానకు, పతంగుల మాంజాకు, కోతుల ఊగులాటకు ఓర్చుకుని ఆ న్యూట్రల్ ముడులు పట్టుకునే ఉన్నాయి. నలభై ఇళ్ల పిల్లాజెల్లా ఇన్నేళ్లూ ఆ ముడుల మీద బతికారు. ఒక్కటీ తెగలేదు. ఎవరి దయ ఇది? ఆదివారం ఆదివారం చర్చిలో మోకరిల్లే మనిషే గానీ, దేవుడు ఇంతగా ఓర్చుకుంటాడని ఆయనకు ఇంతకుముందు ఎన్నడూ తట్టలేదు. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లాడు.

ఇంటి వెనక భార్య బాలమ్మ తడి బండల మీద ఒట్టి కాళ్లతో నిలబడి, వాషింగ్ మెషిన్‌లోంచి బట్టలు తీస్తోంది. డానియేలు వెళ్లి మెయిన్ ఆఫ్ చేశాడు. బోర్డు విప్పి, అక్కడున్న జానెడు ఆకుపచ్చ వైరు చూపించాడు. అది ఏమిటో, స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఏమయ్యేదో దాచకుండా చెప్పాడు. రేపటి నుంచి నలభై ఇళ్లూ తిరిగి సరిచేస్తానన్నాడు.

బాలమ్మ తన తడి చేతుల వంక చూసుకుంది.

"పెట్టిననాడు నీకు ఎరుకేనా, గిట్లయితదని?"

"ఎరుకే."

ఆమె బట్టలన్నీ బకెట్‌లో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"రేపటి సంది ఇల్లిల్లు తిరుగుతనంటున్నవ్. ఆ ఇండ్లల్ల ఆడోళ్లు గూడ నిన్ను ఇదే అడుగుతరు. వాళ్లకేం చెప్తవ్?"

"ఎరుకే అని చెప్త."

బాలమ్మ మూలనున్న గడ్డపార తెచ్చి ఆయన చేతికిచ్చింది. "అయితే తవ్వు" అంది.