మా సత్తిబాబుది వలోడి స్వింగే, తప్పు స్వింగు కాదు

నిన్న పొద్దున్న మా తమ్ముడు సత్తిబాబు పోయాడు.

ఈ మాట నా నోటితో నేనే చెబుతున్నాను. నాకే నమ్మకం కుదరడం లేదు.

కాకినాడ హార్బర్‌లో వంజరం చేపల బేరంలో ఉన్నాను. ఫోన్ మోగింది. వాడి కూతురు దేవి. "అత్తా, నాన్న గ్రౌండ్‌లో పడిపోయారు. పిలుస్తుంటే పలకట్లేదు" అంది.

హార్ట్ ఎటాక్ అట. పిల్లలకి గోల్ఫ్ నేర్పుతూ నేర్పుతూనే కూలబడ్డాడట.

ఫోన్ పెట్టేసి చేపల మీద ఐసు వేశాను. మళ్లీ వేశాను. ఇంకా వేస్తూనే ఉన్నాను. పక్క బల్ల మరిడమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నేను వెళ్లేసరికి ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టి ఉంచారు. బూట్లకి గ్రౌండ్ గడ్డి ఇంకా అంటుకునే ఉంది. "లేరా" అన్నాను. గట్టిగానే అన్నాను. నేను కేకేస్తే లేవకుండా వాడు ఎప్పుడూ లేడు.

మొన్న సాయంత్రమేగా మా ఇంటికొచ్చి, పులుసులో ఉప్పెక్కువైందని నాతో పోట్లాడి వెళ్లాడు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా మార్చొద్దని చెప్పాను.

ఎందుకు రాయిస్తున్నానంటే, నిన్న వాడినింకా ఇంట్లోంచి తీసుకెళ్లకముందే గ్రౌండ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి మెసేజ్ పెట్టారు. మనవరాలు చదివి వినిపించింది. సత్తిబాబు మంచివాడు కానీ ఆడిందీ నేర్పిందీ వలోడి ఆట, పాపకైనా ఇక కొత్త కోచ్ దగ్గర కరెక్ట్ స్వింగ్ నేర్పిద్దాం అని.

పాప అంటే మా దేవి. వచ్చే నెల స్టేట్ సెలక్షన్‌కి ఆడాల్సిన పిల్ల.

అయ్యా పెద్దమనిషి గారూ, మావాడిది వలోడి ఆటే. కాదని ఎవరన్నారు?

మాది చేపలు పట్టే ఇల్లు. సత్తిబాబు మీసాలు రాకముందే వల విసిరేవాడు. తర్వాత గ్రౌండ్‌లో బంతులేరే పనికి చేరాడు. అక్కడ ఒక ఆఫీసర్ గారు ఓసారి సరదాకి క్లబ్ చేతికిచ్చి, కొట్టమన్నారు.

వల విసిరేవాడు నడుము తిప్పి, చివర్లో చేతులు వదిలెయ్యాలి. వదలకపోతే వల విచ్చుకోదు.

వీడూ వదిలేశాడు.

బంతి ఉన్నచోటే ఉంది. క్లబ్ గాల్లో గిరగిరా తిరుగుతూ వెళ్లి మొగలి పొదలో పడింది.

"ఒరేయ్, బంతిని పంపమంటే కర్రని పంపావేంట్రా" అన్నారట ఆయన. తిట్టలేదు. మర్నాటి నుంచి దగ్గరుండి నేర్పారు. వేళ్లు ఎలా పట్టాలో, పాదాలు ఎంత ఎడంగా పెట్టాలో, బంతి తగిలేదాకా తల ఎత్తకుండా ఎలా ఉండాలో.

ఇంటికొచ్చి వీడికి అదే పని. ఎండుచేపలు ఆరబెట్టిన పెరట్లో విరిగిన తెడ్డు కర్ర పట్టుకుని ఊపుడే ఊపుడు.

"ఏరా, కాకుల్ని తోలుతున్నావా" అన్నాను.

"తిప్పడం నాకొచ్చక్కా. వదలకుండా ఉండటమే రావట్లేదు" అన్నాడు.

ఏది మార్చుకోవాలో వాడికి తెలుసండీ. గ్రిప్ మార్చుకున్నాడు. నిలబడే తీరు మార్చుకున్నాడు. నడుము మాత్రం వల విసిరే నడుమే ఉంచుకున్నాడు. ఆ ఆఫీసర్ గారి స్నేహితుడొకాయన అదీ మార్చమన్నాడట. బంతి తిన్నగా వెళ్తున్నంతకాలం మనకెందుకండీ అన్నారట ఆఫీసర్ గారు.

చూసినవాళ్లు నవ్వేవారు. బంతి ఎటు వెళ్లాలో అటే వెళ్లేది.

పోనీ, ఆ నడుముని వాడు ఇంకెవరి మీదైనా రుద్దాడా?

దేవికి చిన్నప్పుడు చెయ్యి విరిగింది. ఇప్పటికీ మోచెయ్యి పూర్తిగా సాగదు. మిగతా పిల్లల్లా క్లబ్ పైదాకా లేపలేదు. సగంలో ఆపి కొడుతుంది. అది తప్పని, పైదాకా లేపాల్సిందేనని గ్రౌండ్‌కి ఈమధ్య వచ్చిన కొత్త కోచ్ గారు అంటున్నారు.

గ్రిప్ దగ్గర మావాడు రాక్షసుడే. ఒక్క వేలు జారినా మళ్లీ మొదట్నుంచి. ఓరోజు పిల్ల ఏడుస్తుంటే నేనే అడ్డం వెళ్లి, చంపుతావా ఏంటి దాన్ని అన్నాను. నన్ను పక్కకి జరగమని దేవితో ఇలా అన్నాడు.

"పట్టు దగ్గర నేను చెప్పినట్టు వినాల్సిందే అమ్మా. చెయ్యి ఎంతదాకా లేపాలో మాత్రం నన్నడక్కు. నీ చెయ్యినే అడుగు."

ఇప్పుడు చెప్పండి, దేవిది వలోడి స్వింగా? అది దేవి స్వింగు.

నిన్న వాడిని తీసుకెళ్లిపోయాక దేవి వచ్చి నా పక్కన కూర్చుంది. "పోనీలే అత్తా, స్వింగు మార్చేసుకుంటాను. అప్పుడైనా నాన్నని ఎవరూ ఏమీ అనరు" అంది.

తమ్ముడు పోయాడన్నది నాకు అప్పుడు తగిలింది.

కొత్త కోచ్ గారూ, మీ మీద నాకేం కోపం లేదు. దాని వేళ్లు తప్పుగా ఉంటే సరిచెయ్యండి. తల కదిలితే తిట్టండి, నేను అడ్డం రాను. ఆ చెయ్యి జోలికి మాత్రం వెళ్లకండి.

దేవీ, సెలక్షన్‌కి నేనూ వస్తున్నాను. నాకు ఆట తెలీదు. నువ్వు సగంలో ఆపినప్పుడు నవ్వేది ఎవరో చూడ్డానికి వస్తున్నాను.

ఒరేయ్ సత్తిబాబూ, ఇలా చెప్పాపెట్టకుండా పోవడం నేను ఒప్పుకోనురా.

సరే, వెళ్లు తమ్ముడూ. నిన్ను సరిదిద్దేవాళ్లు లేని చోట చల్లగా ఉండు.