విరగని చెయ్యి

ప్రొద్దుటూరులో మా కంసాలి వీధిలో పని రెండు రకాలుగా జరిగేది. మా అన్న బజారులో దొరికే అచ్చుల మీద బంగారు రేకు పెట్టి కొట్టేవాడు. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి పది జతల కమ్మలు. నాకది ఒంటబట్టలేదు. కంచు దిమ్మ మీద హంసనో లతనో ఉలితో నేనే చెక్కుకుని, ఆ అచ్చులోనే రేకు దించేవాణ్ణి. "నీ హంస మెడ తిరిగేలోపల నేను పెండ్లి సరుకంతా చేసిస్తా" అని అన్న ఎగతాళి చేసేవాడు. చేసుకోనీ, నా పొగరు నాది.

ఆ పొగరే నన్ను పట్టించింది. పులివెందుల వైపు ఒక పెద్దింటికి హంసల హారం చేశాను. ఇంకెవరికీ అలాంటిది చేయకూడదని కోరిన ఇంటికి, నగ అప్పజెప్పేటప్పుడు అచ్చును వాళ్ల కళ్లముందే పగలగొట్టడం మా ఆనవాయితీ. పగలగొట్టాను. నెల తిరగకముందే జమ్మలమడుగు నుంచి ఇంకో పెద్దింటి జీపు వచ్చింది. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. చెరో పార్టీ, రెండు వైపులా శవాలు లేచాయి. ఎవరి పెండ్లిలోనో ఆ హారం చూసిన ఈ ఇంటి అమ్మకు అచ్చం అదే కావాలట.

"అచ్చు పగలగొట్టేసినానప్పా, వాళ్ల ముందరే" అన్నాను.

జీపు దిగినాయన నవ్వాడు. "అచ్చు ఇరిగితే ఏమప్పా? చెయ్యి ఇరగలేదు కదా!"

చేస్తే వాళ్లు ఊరుకోరు, చేయకపోతే వీళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మర్నాడు ఏ గాయమూ లేని కుడిచేతికి కట్టు కట్టుకుని, కుంపటిలో కాలిందని చెప్పాను. ఆయన వచ్చి చూసి, "మానినాంకనే చెయ్యి. ఎన్ని దినాలైనా కాచుకోనుంటాం" అన్నాడు. ఇక నా చెయ్యి మానడానికి వీల్లేకుండా పోయింది.

కట్టు విప్పాక కూడా, వేళ్లకు ఉలి పట్టే బలం లేదని అందరికీ చెప్పుకుని అన్న అచ్చుల మీదే రేకు కొట్టాను. అన్నకూ నిజం చెప్పలేదు. "ఇంట్లోనన్నా చెక్కుకో, ఎవురు చూస్తారు?" అనేది నిజం తెలిసిన మా ఆవిడ. ఉలి చప్పుడు వీధిలోకి వినపడుతుందని నా భయం.

తొమ్మిదేళ్లకు ఆ రెండిళ్ల వాళ్లూ ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. ఇల్లాళ్లిద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారని ఊరంతా చెప్పుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆరోజే కంచు దిమ్మ ముందు పెట్టుకుని హంస మెడ చెక్కబోయాను. గీత వణికింది. మళ్లీ పట్టాను. మళ్లీ వణికింది.

అన్న నా పక్కన కూర్చుని, "ఇంగా మానలేదేమిరా?" అని జాలిగా అడిగాడు.

"లేదన్నా" అన్నాను. ఈసారి అది అబద్ధం కాదు.